జత కొలతలకు టి-టెస్ట్ చేయడం ఎలా: తేడాల వరుసే అసలు డేటా

మందు మొదలుపెట్టక ముందు ఒక కొలత, మొదలుపెట్టాక ఇంకో కొలత. ఒకే రక్త నమూనాను రెండు యంత్రాల్లో పెడితే వచ్చిన రెండు అంకెలు. పాఠానికి ముందు ఒక పరీక్ష, పాఠం అయ్యాక అదే విద్యార్థులకు మరో పరీక్ష. మీ డేటా ఇలాంటిదైతే మీకు కావలసింది పెయిర్డ్ టి-టెస్ట్, అంటే జతల మధ్య కనిపించిన సగటు తేడా కేవలం యాదృచ్ఛికమా కాదా అని చూసే పరీక్ష. లెక్క చాలా చిన్నది, కాలిక్యులేటర్ ఉంటే కాగితం మీదే అయిపోతుంది. జనం తడబడేది లెక్కకు ముందూ, లెక్క తర్వాతా: ఏది జతో ఏది కాదో తేల్చుకునేటప్పుడు, వచ్చిన ఫలితాన్ని చదివేటప్పుడు. కాబట్టి ఆ రెండు చోట్లా ఎక్కువసేపు ఆగుదాం.

ఉదాహరణకు అంకెలు కల్పించక్కర్లేదు. ఈ పరీక్ష పుట్టుకతోనే ముడిపడిన డేటా ఒకటి ఉంది. 1905లో కష్నీ, పీబుల్స్ అనే ఇద్దరు పరిశోధకులు పది మంది రోగులకు రెండు నిద్రమందులు వేర్వేరు రాత్రుల్లో ఇచ్చి, మందు లేని రాత్రులతో పోలిస్తే ఎన్ని గంటలు ఎక్కువ నిద్ర పట్టిందో రాసి ప్రచురించారు. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసే విలియం గాసెట్ 1908లో 'స్టూడెంట్' అన్న మారుపేరుతో 'బయోమెట్రికా' పత్రికలో రాసిన వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్నది ఈ అంకెల్నే. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో 'స్లీప్' పేరుతో ఇవి ఇప్పటికీ ఉన్నాయి. మీరూ తెరిచి సరిచూసుకోవచ్చు.

మొదటి అడుగు: అవి నిజంగా జతలేనా?

రెండు వరుసల్లో అంకెల సంఖ్య సమానంగా ఉన్నంత మాత్రాన జతలైపోవు. ఒక తరగతిలో ముప్పై మంది, పక్క తరగతిలో ముప్పై మంది ఉంటే అవి రెండు విడి గుంపులే. తేల్చుకోవడానికి సులువైన ఉపాయం ఒకటి ఉంది. రెండో వరుసలోని అంకెల్ని మనసులోనే కలగాపులగం చేసి చూడండి. అలా కలిపేస్తే ఏదైనా సమాచారం పోతుందా? 'ఈ అంకె ఫలానా అంకెకే చెందాలి, పక్కదానికి కాదు' అని మీరు అభ్యంతరం చెప్పగలిగితే అవి జతలు. ఎలా కలిపినా ఒకటే అనిపిస్తే కావు.

ఒకే మనిషి దగ్గర తీసుకున్న రెండు కొలతలే జత కానక్కర్లేదు. కవలలు, ఒకే మనిషి కుడి కన్ను ఎడమ కన్ను, ఒకే మడిని రెండుగా చీల్చి రెండు ఎరువులు వేసిన సగాలు, వయసూ బరువూ చూసి ముందే జోడీ కట్టిన ఇద్దరు రోగులు, ఇవన్నీ జతలే. ఒక్కటే షరతు: జోడీ కట్టడం కొలతలకు ముందే జరగాలి. ఫలితాలు చూశాక 'వీళ్లిద్దరూ దగ్గరగా ఉన్నారు, జత చేద్దాం' అనడం కుదరదు.

ఇంకో షరతు తరచూ మరుగున పడుతుంది. ఒక జతకూ మరో జతకూ సంబంధం ఉండకూడదు. ఎనిమిది మంది రోగుల్ని ఒక్కొక్కరినీ ఐదు రోజులు ముందూ, ఐదు రోజులు తర్వాతా కొలిస్తే మీ దగ్గర నలభై జతలు లేవు, ఎనిమిదే ఉన్నాయి. ప్రతి రోగికీ ముందు సగటు ఒకటి, తర్వాత సగటు ఒకటి తీసి, ఎనిమిది జతలతో పరీక్ష చేయండి. నలభై అని పెడితే పి-విలువ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం; చిన్నదైతే తేడాకు ఆధారం గట్టిది) బ్రహ్మాండంగా కనిపిస్తుంది, కానీ దానికి విలువ ఉండదు.

కొలిచే వరుసక్రమం కూడా ముందే ఆలోచించుకోవాలి. అందరికీ మొదట 'అ' పద్ధతి, తర్వాత 'ఆ' పద్ధతి ఇస్తే, రెండోసారి వచ్చిన మెరుగుదల పద్ధతి వల్లా, లేక మొదటిసారి చేసిన అలవాటు వల్లా అన్నది ఏ పరీక్షా చెప్పలేదు. వీలైతే సగం మందికి వరుస తిప్పి ఇవ్వండి, ఎవరికి ఏ వరుసో చీటీలు వేసి తేల్చండి. మందుల విషయంలో మొదటి మందు ప్రభావం ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా మధ్యలో విరామం కావాలి.

రెండో అడుగు: అంకెలు చూడకముందే పరికల్పన రాసుకోండి

శూన్య పరికల్పన: జనాభా మొత్తంలో తేడాల సగటు సున్నా. ప్రత్యామ్నాయ పరికల్పన: అది సున్నా కాదు. దేన్లోంచి దేన్ని తీసివేస్తారో కూడా ఇక్కడే రాసేయండి. మన ఉదాహరణలో 'రెండో మందు కొలత మైనస్ మొదటి మందు కొలత'. తేడా ధనాత్మకమైతే రెండో మందుతో నిద్ర ఎక్కువ పట్టినట్టు. దిశ రాసిపెట్టుకోకపోతే చివర్లో మైనస్ గుర్తు చూసి మందు పనిచేసిందా, బెడిసికొట్టిందా అని తికమకపడతారు.

సార్థకత స్థాయి, అంటే పి-విలువ దేనికన్నా తక్కువైతే శూన్య పరికల్పనను తిరస్కరిస్తారో ఆ గీత, మామూలుగా 0.05. దానికన్నా కఠినంగా కావాలంటే 0.01 పెట్టుకోవచ్చు, కానీ ముందే పెట్టుకోండి. ఒకవైపు పరీక్ష (తేడాను ఒక్క దిశలోనే వెతికేది) చేయాలా, రెండువైపులదా? నా సలహా రెండువైపులదే. ఒకవైపు పరీక్షలో పి-విలువ సగమైపోతుంది కాబట్టి 0.08 వచ్చినవాళ్లకు అది తెగ ఊరిస్తుంది. అంకెలు చూశాక ఆ మార్పు చేస్తే మీరు 0.05 స్థాయిలో పరీక్ష చేసినట్టు కాదు. ఫలితం వ్యతిరేక దిశలో ఎంత పెద్దగా వచ్చినా పట్టించుకోనని ముందే రాసి సంతకం పెట్టగలిగితేనే ఒకవైపు పరీక్ష జోలికి వెళ్లండి.

మూడో అడుగు: తేడాల వరుస తయారు చేయండి

ఇవిగో గాసెట్ వాడిన అంకెలు. మొదటిది మొదటి మందుతో పెరిగిన నిద్ర గంటలు, రెండోది రెండో మందుతో, చివరిది తేడా.

రోగి 1: 0.7, 1.9, తేడా 1.2
రోగి 2: −1.6, 0.8, తేడా 2.4
రోగి 3: −0.2, 1.1, తేడా 1.3
రోగి 4: −1.2, 0.1, తేడా 1.3
రోగి 5: −0.1, −0.1, తేడా 0.0
రోగి 6: 3.4, 4.4, తేడా 1.0
రోగి 7: 3.7, 5.5, తేడా 1.8
రోగి 8: 0.8, 1.6, తేడా 0.8
రోగి 9: 0.0, 4.6, తేడా 4.6
రోగి 10: 2.0, 3.4, తేడా 1.4

తీసివేతల్లో గుర్తులు జాగ్రత్త. రెండో రోగికి 0.8 లోంచి −1.6 తీసేస్తే 2.4, అంతేగాని −0.8 కాదు.

ఈ వరుస తయారయ్యాక మొదటి రెండు వరుసల్ని పక్కన పెట్టేయవచ్చు. పెయిర్డ్ టి-టెస్ట్ అంటే ఇక మిగిలింది ఒక్క వరుస మీద చేసే మామూలు టి-టెస్టే: ఈ తేడాల సగటు సున్నాకి దూరంగా ఉందా, లేదా? రెండు గుంపుల ప్రశ్న ఒక గుంపు ప్రశ్నగా మారిపోయింది.

ఒక జతలో ఒక కొలత లేకపోతే ఆ జత మొత్తం పోతుంది. ఖాళీలో సున్నా మాత్రం పెట్టకండి. ఎన్ని జతలు పోయాయో, ఎందుకు పోయాయో రాసుకోండి. మందు పడక మధ్యలో మానేసినవాళ్లే అందులో ఎక్కువగా ఉంటే, మిగిలినవాళ్ల తేడాలు మందును మంచిగా చూపిస్తాయి.

నాలుగో అడుగు: తేడాల్ని కళ్లతో చూడండి

ఒక గీత గీసి దాని మీద పది చుక్కలు పెట్టండి. ఇది దాటేసేవాళ్లే ఎక్కువ, కానీ నా దృష్టిలో మొత్తం పనిలో విలువైనది ఇదే. మన అంకెల్లో తొమ్మిది చుక్కలు సున్నాకీ 2.4కీ మధ్య గుంపుగా ఉంటాయి, 4.6 ఒక్కటీ విడిగా నిలబడుతుంది. దాని సంగతి తర్వాత.

పరీక్ష అడిగే నార్మల్ డిస్ట్రిబ్యూషన్ షరతు (అంకెలు సగటు చుట్టూ గంట ఆకారంలో పరుచుకోవాలన్నది) తేడాలకే వర్తిస్తుంది. 'ముందు', 'తర్వాత' వరుసలు విడివిడిగా ఎంత వంకరగా ఉన్నా ఫర్వాలేదు. అలాగే రెండు వరుసల వేరియన్స్ (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) సమానమా అని చూసే లెవీన్ పరీక్ష ఇక్కడ అక్కర్లేదు. ప్రాజెక్టు రిపోర్టుల్లో పెయిర్డ్ టి-టెస్ట్‌కు ముందు దాన్ని పెడుతుంటారు, అది విడి గుంపుల పరీక్షకు సంబంధించిన సరంజామా. జతలు ముప్పై, నలభై దాటితే నార్మల్ షరతు కూడా చాలావరకు సడలుతుంది. పదో పదిహేనో ఉన్నప్పుడు మాత్రం ఆ చుక్కల బొమ్మే మీకు ఆధారం. పది అంకెల మీద నార్మాలిటీ పరీక్ష నడిపితే పెద్ద లోపాన్ని కూడా అది పట్టుకోలేకపోవచ్చు.

తేడాలు మొదటి కొలతతో పాటు పెరుగుతూ పోతున్నాయా అన్నది కూడా చూడండి. తక్కువ బరువున్నవాళ్లకు రెండు కిలోలు, ఎక్కువ బరువున్నవాళ్లకు ఎనిమిది కిలోలు తగ్గితే, మార్పు శాతాల్లో జరుగుతోందన్నమాట. అప్పుడు రెండు కొలతలకూ లాగరిథమ్ తీసుకుని, వాటి తేడాల మీద పరీక్ష చేయండి. ఫలితాన్ని తిరిగి మార్చుకుంటే 'సగటున ఇంత శాతం తగ్గింది' అని చెప్పుకోవచ్చు.

ఐదో అడుగు: లెక్క

తేడాల మొత్తం 15.8. పదితో భాగిస్తే సగటు 1.58 గంటలు.

ప్రతి తేడా లోంచి 1.58 తీసి, వర్గం చేసి కూడితే 13.616 వస్తుంది. దీన్ని పదితో కాకుండా తొమ్మిదితో భాగించాలి. 1.513 వస్తుంది, వర్గమూలం 1.230. భాగించగా వచ్చిన 1.513 తేడాల వేరియన్స్, దాని వర్గమూలం 1.230 తేడాల స్టాండర్డ్ డీవియేషన్ (విచలనం). ఆ 13.616లో ఒక్క తొమ్మిదో రోగి వాటాయే 9.12 అన్నది గుర్తుపెట్టుకోండి.

స్టాండర్డ్ ఎర్రర్ (సగటు ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పేది) కోసం 1.230ని √10తో, అంటే 3.162తో భాగిస్తే 0.389.

టి విలువ = 1.58 ÷ 0.389 = 4.06. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (టి పట్టికలో ఏ వరుస చూడాలో చెప్పే సంఖ్య) జతల సంఖ్యలో ఒకటి తక్కువ, అంటే 9. ఇరవై అంకెలున్నాయి కదా అని 19 అనో 18 అనో వేయకండి.

టి పట్టికలో 9 వరుసకు వెళ్తే, రెండువైపుల పరీక్షకు 0.05 దగ్గర 2.262, 0.01 దగ్గర 3.250, 0.001 దగ్గర 4.781 కనిపిస్తాయి. మనది రెండో దాన్ని దాటింది, మూడో దాన్ని దాటలేదు. అంటే పి-విలువ 0.01కీ 0.001కీ మధ్య. సాఫ్ట్‌వేర్ ఇచ్చే కచ్చితమైన అంకె 0.0028. శూన్య పరికల్పనను తిరస్కరించవచ్చు.

ఇక్కడే ఆగిపోకండి. 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు సగటు తేడా ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండవచ్చో చెప్పే హద్దులు కూడా వేయండి: 1.58 ± 2.262 × 0.389, అంటే 0.70 నుంచి 2.46 గంటల వరకు. పి-విలువ కన్నా ఇదే ఎక్కువ చెబుతుంది. రెండో మందు మెరుగన్న మాట గట్టిదే, కానీ ఆ మెరుగు ముప్పావు గంటలోపే కావచ్చు, రెండున్నర గంటల దాకా కావచ్చు. నిద్రపట్టని మనిషికి ఈ రెండూ ఒకటి కావు. పది మందితో చేసిన పరిశీలన ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేదు.

0.0028 అంటే 'రెండు మందులూ సమానం అనడానికి 0.28 శాతమే అవకాశం' అని అర్థం కాదు. మందులు నిజంగా సమానమే అనుకుంటే, ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ తేడా గానీ యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం 0.28 శాతం. ఇలా తలకిందులుగా చదివే పొరపాటు పాఠాలు చెప్పేవాళ్ల నోట కూడా వినిపిస్తుంది.

జతను మరిచిపోతే ఏమవుతుంది?

ఇవే ఇరవై అంకెల్ని రెండు విడి గుంపులనుకుని, విడి గుంపులకు వాడే వెల్చ్ టి-టెస్ట్ చేయండి. సగటులు 0.75, 2.33. వాటి మధ్య దూరం అదే 1.58. కానీ టి విలువ 1.86కి పడిపోతుంది, పి-విలువ 0.079. 'తేడా ఉందనడానికి తగిన ఆధారం లేదు' అని రాయాల్సి వస్తుంది. అంకెలు అవే, రోగులు వాళ్లే, తీర్పు మారిపోయింది.

కారణం వేరియన్స్‌లో ఉంది. మొదటి వరుస వేరియన్స్ 3.20, రెండోదాని వేరియన్స్ 4.01. విడి గుంపులైతే తేడాకు ఈ రెండూ కలిసి 7.21 అవుతుంది. జతలైతే ఆ మొత్తం లోంచి రెండింతల కోవేరియన్స్ (రెండు వరుసలూ ఎంత కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉన్నాయో చెప్పే కొలత) తీసేస్తాం, ఇక్కడ అది 5.70. మిగిలింది 1.51 మాత్రమే. పట్టిక మళ్లీ చూడండి. ఏడో రోగికి ఏ మందు ఇచ్చినా నిద్ర మూడున్నర గంటలకు మించి పెరిగింది, ఐదో రోగికి ఏది ఇచ్చినా మార్పు లేదు. మనిషికీ మనిషికీ ఉన్న ఈ తేడాలు మందుల పోలికకు అడ్డం వస్తాయి. జతలో తీసివేత చేసినప్పుడు అవి కొట్టుకుపోతాయి. రెండు వరుసలు ఎంత కలిసి నడుస్తాయో −1 నుంచి 1 దాకా చెప్పే సహసంబంధం ఇక్కడ దాదాపు 0.80.

ఇంకో సంగతి కూడా ఉంది. రెండు కొలతలూ 'మందు లేని రాత్రితో పోలిస్తే ఎంత ఎక్కువ' అన్నవే కాబట్టి రెండింటిలోంచీ ఒకే మూలవిలువను తీసేశారు. ఆ ఒక్క కారణం వల్లే రెండు వరుసలూ కొంత కలిసి నడుస్తాయి. జత తేడాలో ఆ మూలవిలువ ఎలాగూ రద్దవుతుంది. మీ డేటాలో కూడా 'బేస్‌లైన్ నుంచి మార్పు' అన్న వరుసలు రెండుంటే ఇది గుర్తుంచుకోండి.

జతకు చెల్లించే మూల్యం చిన్నది. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 18 నుంచి 9కి తగ్గాయి, 0.05 దగ్గర దాటాల్సిన గీత 2.101 నుంచి 2.262కి పెరిగింది, అంతే. సహసంబంధం సున్నాకి దగ్గరైతే ఆ కాస్త నష్టమే మిగులుతుంది. అది రుణాత్మకమైతే జత నిజంగానే ఎదురు తిరుగుతుంది. అయినా సహసంబంధం ఎంతుందో చూసుకుని పరీక్ష ఎంచుకోకండి. డేటా ఎలా సేకరించారో అదే పరీక్షను నిర్ణయించాలి. రెండూ చేసి పి-విలువ చిన్నగా వచ్చినదాన్ని రాయడం మోసం కిందికే వస్తుంది.

ఆ తొమ్మిదో రోగి సంగతి

4.6 గంటల తేడా అనుమానంగా ఉంది, తీసేద్దామా? తీసేసి చూడండి, చూడటం వరకే. సగటు 1.58 నుంచి 1.24కి తగ్గుతుంది. టి విలువ కూడా తగ్గాలి కదా? తగ్గదు, 5.66కి పెరుగుతుంది. ఎందుకంటే స్టాండర్డ్ డీవియేషన్ 1.23 నుంచి 0.66కి, దాదాపు సగానికి, కుదించుకుపోయింది. తిరగేసి చూస్తే ఇంకా విడ్డూరం. ఆ రోగి తేడా 4.6 బదులు 10 గంటలు అనుకోండి. సగటు 2.12కి ఎగబాకుతుంది, టి మాత్రం 2.36కి దిగిపోతుంది, గీతను అందీ అందనట్టు దాటుతుంది. మందు ఒక మనిషికి మరింత బాగా పనిచేసిందంటే పరీక్ష నమ్మకం తగ్గిపోయింది! టి-టెస్ట్ స్వభావమే అంత. దూరంగా ఉన్న ఒక్క అంకె పై భాగంలోని సగటును కొంచెం, కింద ఉన్న విచలనాన్ని బాగా లాగుతుంది.

అందుకని విడిగా నిలబడ్డ అంకె కనిపిస్తే మొదట మూల రికార్డు చూడండి, దశాంశ బిందువు జారిందేమో, గంటల బదులు నిమిషాలు పడ్డాయేమో. నమోదు తప్పు అని తేలితే సరిదిద్దండి. తప్పు కాకపోతే ఉంచండి. ఉంచి, ర్యాంకుల మీద ఆధారపడే పరీక్ష పక్కన పెట్టి చూడండి.

1945లో విల్కాక్సన్ ఇచ్చిన సైన్డ్-ర్యాంక్ పరీక్ష దీనికి బాగా పనికొస్తుంది. సున్నా తేడాల్ని పక్కన పెట్టి, మిగతావాటిని గుర్తు చూడకుండా చిన్నది నుంచి పెద్దదానికి ర్యాంకులు వేసి, ధనాత్మక తేడాల ర్యాంకుల్ని కూడతారు. మన డేటాలో ఐదో రోగిని వదిలేస్తే తొమ్మిది తేడాలూ ధనాత్మకమే, ర్యాంకుల మొత్తం 45, అంతకు మించి రావడం సాధ్యం కాదు. తొమ్మిదీ ఒకే వైపు పడే అవకాశం, రెండు వైపులా కలిపి, 512లో 2, అంటే 0.0039. 4.6 అయినా 10 అయినా ఆ రోగికి వచ్చేది తొమ్మిదో ర్యాంకే కాబట్టి ఫలితం చెక్కుచెదరదు. సాఫ్ట్‌వేర్‌లో మీకు ఇంతకన్నా పెద్ద పి-విలువ వస్తే కంగారుపడకండి. సున్నాలు గానీ సమాన ర్యాంకులు గానీ ఉన్నప్పుడు కొన్ని ప్రోగ్రాములు కచ్చితమైన లెక్క వదిలేసి ఉజ్జాయింపు లెక్కకు మారతాయి.

ఈ పరీక్షకూ ఒక షరతుంది: తేడాలు మధ్య బిందువుకు అటూ ఇటూ ఇంచుమించు సమంగా పరుచుకుని ఉండాలి. ఏ షరతూ వద్దనుకుంటే గుర్తుల్ని మాత్రమే లెక్కపెట్టే సైన్ టెస్ట్ ఉంది. తొమ్మిదింటికి తొమ్మిదీ ధనాత్మకం కాబట్టి ఇక్కడ అదీ 0.0039 అనే చెబుతుంది. మామూలుగా మాత్రం దాని పదును తక్కువ.

సాఫ్ట్‌వేర్‌లో

ఎక్సెల్‌లో టి.టెస్ట్ ఫంక్షన్‌కు నాలుగు విషయాలు ఇవ్వాలి: మొదటి వరుస, రెండో వరుస, ఎన్ని వైపులు, ఏ రకం. మూడోది 2, నాలుగోది 1 పెట్టండి. నాలుగో స్థానంలో 1 అంటే జత, 2, 3 అంటే విడి గుంపులు. ఆ ఒక్క అంకె తేడాతోనే మన డేటాకు 0.003 బదులు 0.079 వస్తుంది, హెచ్చరిక ఏమీ రాదు. పైగా ఆ ఫంక్షన్ పి-విలువ ఒక్కటే ఇస్తుంది. సగటు, విచలనం, విశ్వాస అంతరం మీరే వేసుకోవాలి. ఆర్‌లో టి-టెస్ట్ ఫంక్షన్‌కు 'పెయిర్డ్' అన్న ఆప్షన్ ట్రూ అని ఇవ్వాలి. ఇవ్వకపోతే అది వెల్చ్ పరీక్ష చేసేస్తుంది. పైథాన్ వాడేవాళ్లు సైపై లైబ్రరీలో 'రెల్' అని ముగిసే టి-టెస్ట్ ఫంక్షన్ తీసుకోవాలి, 'ఇండ్' అని ముగిసేది విడి గుంపులకు.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒక ప్రమాదం ఉంది. షీటులో ఒక వరుసను మాత్రమే ఎంచుకుని సార్ట్ చేశారంటే జతలన్నీ చెదిరిపోతాయి. సగటులు మారవు కాబట్టి పైకి ఏమీ తెలియదు. రోగి సంఖ్య ఉన్న వరుసను ఎప్పుడూ వెంట ఉంచుకోండి. తేడాల వరుసను షీటులోనే తయారు చేసి, దాని మీద ఒక గుంపు టి-టెస్ట్ చేసి రెండు సమాధానాలూ కలుస్తున్నాయో లేదో చూడండి. కలవకపోతే ఏదో ఒక చోట ఆప్షన్ తప్పింది.

ఈ పరీక్ష సరిపోని చోట్లు

ఫలితం అవును, కాదు అన్న రూపంలో ఉంటే టి-టెస్ట్ కాదు, మెక్‌నెమార్ పరీక్ష చేయాలి. ఉదాహరణకు వంద మంది విద్యార్థులకు ఒకే ప్రశ్న పాఠానికి ముందూ, తర్వాతా ఇచ్చారనుకోండి. ముందు తప్పు రాసి తర్వాత ఒప్పు రాసినవాళ్లు 25 మంది, ముందు ఒప్పు రాసి తర్వాత తప్పు రాసినవాళ్లు 10 మంది. రెండుసార్లూ ఒకే రకంగా రాసిన 65 మంది లెక్కలోకే రారు. 25 లోంచి 10 తీస్తే 15, దాని వర్గం 225, దాన్ని మారిన 35 మందితో భాగిస్తే 6.43, ఇదే కై-స్క్వేర్ విలువ. దాటాల్సిన గీత 3.84 కాబట్టి మార్పు ఉన్నట్టే. మారినవాళ్ల సంఖ్య చిన్నదైతే కై-స్క్వేర్ బదులు బైనామియల్ లెక్క వాడండి.

ఒక్కొక్కరికీ మూడు కొలతలో అంతకన్నా ఎక్కువో ఉంటే రెండేసి చొప్పున టి-టెస్టులు చేసుకుంటూ పోకండి. ఒకే మనిషి కొలతలన్నిటినీ ఒకేసారి చూసే రిపీటెడ్ మెజర్స్ అనోవా గానీ మిక్స్‌డ్ మోడల్ గానీ కావాలి.

మందు తీసుకున్న గుంపూ, తీసుకోని గుంపూ ఉండి, రెండింటికీ ముందు-తర్వాత కొలతలుంటే చాలామంది చేసే పని ఒకటుంది. రెండు గుంపుల్లోనూ విడివిడిగా పెయిర్డ్ టి-టెస్ట్ చేసి, ఒకదాంట్లో 0.03, ఇంకోదాంట్లో 0.09 వచ్చింది కాబట్టి మందు పనిచేసిందని రాస్తారు. ఆ రెండు పి-విలువల్నీ పోల్చడం రెండు గుంపుల్ని పోల్చడం కాదు. ఒక్కొక్కరి తేడా తీసి, ఒక గుంపు తేడాల్ని మరో గుంపు తేడాలతో విడి గుంపుల టి-టెస్ట్ ద్వారా పోల్చండి. మొదటి కొలతను కూడా లెక్కలోకి తీసుకునే కోవేరియన్స్ విశ్లేషణ ఇంకా మంచిది.

పోలిక గుంపు అసలే లేకపోతే? అప్పుడు ముందు-తర్వాత డేటా మీద నాకు నమ్మకం సగమే. రక్తపోటు బాగా ఎక్కువగా ఉన్నవాళ్లనే ఏరి మందు ఇచ్చారనుకోండి. ఆ రోజు యాదృచ్ఛికంగా ఎక్కువ చూపించినవాళ్లు కూడా అందులో పడతారు, మళ్లీ కొలిచినప్పుడు వాళ్ల అంకె మందు లేకపోయినా తగ్గుతుంది. పొడవైన తల్లిదండ్రుల పిల్లలు సగటు వైపు జరుగుతారని గాల్టన్ 1886లో చూపించింది ఈ ధోరణినే. పెయిర్డ్ టి-టెస్ట్ ఈ తగ్గుదలను మందు ఖాతాలో వేసేస్తుంది. దాన్ని విడదీసే శక్తి పరీక్షకు లేదు, పోలిక గుంపుకే ఉంది.

రెండు యంత్రాలు ఒకే ఫలితం ఇస్తున్నాయా అని చూడటానికి కూడా పెయిర్డ్ టి-టెస్ట్ వాడుతుంటారు. సార్థకమైన తేడా రాలేదు కాబట్టి యంత్రాలు ఏకీభవిస్తున్నాయని రాస్తారు. ఒక యంత్రం సగం మందికి 10 ఎక్కువ, సగం మందికి 10 తక్కువ చూపించినా తేడాల సగటు సున్నాయే, పరీక్ష మౌనంగా ఉండిపోతుంది. అలాంటప్పుడు బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో 'లాన్సెట్' పత్రికలో వివరించిన పద్ధతి వాడండి. ప్రతి జతకూ సగటు ఒక అక్షం మీద, తేడా మరో అక్షం మీద పెట్టి, తేడాల సగటుకు అటూ ఇటూ 1.96 స్టాండర్డ్ డీవియేషన్ల దూరంలో రెండు గీతలు గీస్తారు. ఆ గీతల మధ్య దూరం మీ పనికి సమ్మతమా కాదా అన్నది ఆ రంగం తెలిసినవాళ్లు తేల్చాలి.

ఎన్ని జతలు కావాలి?

ఇది కొలతలు మొదలుపెట్టక ముందు అడగాల్సిన ప్రశ్న. మీరు పట్టుకోవాలనుకున్న సగటు తేడాను, తేడాల స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగించండి. ఆ నిష్పత్తి వర్గంతో 7.85ని భాగించి, రెండు కలపండి. 0.05 స్థాయిలో, రెండువైపుల పరీక్షలో, 80 శాతం పవర్‌కు (అంత తేడా నిజంగా ఉంటే పరీక్ష దాన్ని పట్టుకునే అవకాశానికి) ఇంచుమించు అన్ని జతలు చాలు. నిష్పత్తి 0.5 అయితే 34, 0.8 అయితే 15, 0.2 అయితే 199. భాగించాల్సింది తేడాల విచలనంతో అని మరవకండి. పాత వ్యాసాల్లో దొరికేది సాధారణంగా ఒక్కో వరుస విచలనమే. దాన్ని తేడాల విచలనంగా మార్చాలంటే సహసంబంధం కూడా తెలియాలి, అందుకే ఒక చిన్న ముందస్తు పరిశీలన చేసుకోవడం మేలు.

రిపోర్టులో ఇలా రాయవచ్చు: "పది మంది రోగుల్లో మొదటి మందుతో పోలిస్తే రెండో మందుతో నిద్ర సగటున 1.58 గంటలు ఎక్కువ పట్టింది (తేడాల స్టాండర్డ్ డీవియేషన్ 1.23, 95 శాతం విశ్వాస అంతరం 0.70 నుంచి 2.46; పెయిర్డ్ టి-టెస్ట్, టి = 4.06, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 9, పి = 0.003). ఒక రోగి తేడా మిగతావాటికి దూరంగా 4.6 గంటలు ఉంది, సైన్డ్-ర్యాంక్ పరీక్షలోనూ ముగింపు మారలేదు." రెండు వరుసల సగటులూ విచలనాలూ మాత్రమే ఇచ్చి తేడాల విచలనం ఇవ్వకపోతే, తర్వాత ఎవరైనా మీ ఫలితాన్ని సరిచూడాలన్నా, ఇతర అధ్యయనాలతో కలపాలన్నా వీలుపడదు. స్థలం ఉంటే పది జతల్నీ పట్టికగా ఇచ్చేయండి.